బెండు మీద చూపు, కాలి కింద నేల

ఈశాన్య రుతుపవనాల వానలు పడితే సువర్ణముఖి, కల్యాణి, ఆరణి, కుశస్థలి పారతాయి. మిగతా నెలల్లో ఎక్కువగా ఇసుకే కనిపించే ఏరులివి. నీళ్లు రాగానే అటక మీది గాలాలు కిందికి దిగుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలించే బెండు గురించి, సగం పాముల గురించి. వేరువేరుగా వేయకుండా కలిపే ఇస్తున్నాం. బెండు మీద చూపు పెట్టినవాడికి కాలి కింద ఏముందో కనపడదు, అసలు చిక్కంతా అక్కడే.

ప్రశ్న: చెరువులో నా గాలానికి చేపలు బాగానే పడతాయి. అదే గాలం ఏట్లో వేస్తే బెండు నిలవదు. కొట్టుకుని ఒడ్డుకొచ్చేస్తాది, లేదంటే చేప లేకుండానే మునిగిపోతాది. ఎక్కడుంది తప్పు?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: చెరువు బెండు సన్నటి పుల్ల, దానికి దారం అడుగున ఒక్కచోటే కడతాం. పారే నీళ్లలో అలా కడితే నీటి లాగుడు దారం మీద పడి, దారం బెండును కిందినుంచి గుంజుతుంది. బెండు ఒరిగి మునుగుతుంది. చేప లాగిందనుకుని మీరు గెడ ఎత్తేస్తారు. ఏటికి పైన లావుగా, కిందికి సన్నగా దిగే బెండు కావాలి. దారం దానికి పైనా కిందా రెండు చోట్ల పట్టి ఉండాలి. సైకిలు షాపులో దొరికే వాల్వు ట్యూబు ఇందుకు బాగా పనికొస్తుంది. 3, 4 మిల్లీమీటర్ల ముక్కలు రెండు కోసి, ముందు దారానికి ఎక్కించి, తర్వాత బెండు పై కొనకు ఒకటి, కింది కాడకు ఒకటి తొడగండి. లోతు మార్చాలంటే ముళ్లు విప్పే పని లేదు, బెండును జరిపితే చాలు. ఎండకు రబ్బరు పగుళ్లిస్తే బెండు తనంతట తనే జారుతుంది. పగులు కనపడగానే ముక్క మార్చేయండి.

తర్వాత సీసం. మెల్లగా పారే మడుగుకు 2 నుంచి 3 గ్రాములు మోసే బెండు సరిపోతుంది. ఇంట్లోనే బకెట్ నీళ్లలో బెండు వేసి, గోరంత కొన మాత్రమే పైకి కనపడేదాకా సీసం గుండ్లు చేర్చండి. అంతకంటే ఎక్కువ పైకి తేలితే చేపకు బరువు తగిలి ఎర వదిలేస్తుంది. ఆ సీసమంతా ఒకేచోట గుచ్చొద్దు. ముక్కాలు వంతు ముల్లుకు రెండు జానల పైన గుత్తిగా పెట్టి, మిగిలింది చిన్న గుండ్లుగా కిందికి జారుస్తూ, చివరి గుండు ముల్లుకు ఆరంగుళాల పైన వచ్చేట్టు చూడండి. పై గుత్తి ఎరను త్వరగా అడుగుకు చేరుస్తుంది, కింది చిన్న గుండ్లు ఎరను నీటితో పాటు సహజంగా కదలనిస్తాయి.

ఇక ఒడ్డుకు రావడం. అది దారం పని. గెడ కొనకూ బెండుకూ మధ్య దారం నీళ్ల మీద పడుకుంటే ఆ వంపును ప్రవాహం పట్టుకుని బెండును దారి తప్పిస్తుంది. గెడ కొన ఎత్తి దారాన్ని నీటికి పైనే ఉంచండి. వంపు పడితే మణికట్టు ఒక్క విసురుతో దాన్ని ఎగువకు తిప్పి వేయండి. 12 నుంచి 14 అడుగుల వెదురు గెడ ఉంటే ఇది సులువు, పొట్టి గెడతో చేయి నొప్పి తప్ప లాభం లేదు. అసలు దారం 0.20 మిల్లీమీటర్లు, ముల్లు కట్టే జానెడు ముక్క 0.16 పెట్టుకోండి. చెట్టు వేరుకు తగులుకుంటే ముల్లొక్కటే పోతుంది, బెండు మిగులుతుంది. ముల్లు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి. పరిగలకు 14 లేక 16, జిలేబికి 8 లేక 10.

వేటకు ముందు లోతు చూడటం మానొద్దు. ముల్లుకు ఒక పెద్ద సీసం తగిలించి వేయండి. బెండు పూర్తిగా మునిగితే దారం చాలలేదు, అడ్డంగా పడుకుంటే ఎక్కువైంది. కొన నిలబడిన చోట సరి. ఇది చేపల కోసమే కాదు. ఇసుక తవ్విన గోతులు నీళ్ల కింద కనపడవు, మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది. 2021 నవంబరు వరద లాంటిది వస్తే ఏటి అడుగు రాత్రికి రాత్రే మారిపోతుంది. నిరుడు దిగిన చోటే కదా అని ఈ ఏడు దిగొద్దు.

ప్రశ్న: చేపలు చేరడానికి ఏం చల్లాలి?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: మన వైపు చెనిక్కాయ చెక్కను మించింది లేదు. పావుకిలో చెక్క పొడి, పావుకిలో తవుడు కలిపి, పిడికిట్లో నొక్కితే ఉండ నిలిచేంత మాత్రం తడపండి. నిమ్మకాయంత ఉండలు చేసి బెండుకు రెండు మూడు మీటర్ల ఎగువన వేయాలి, అడుగుకు దిగేసరికి మీ ఎర దగ్గరికి వస్తాయి. నీళ్లు ఎక్కువైతే ఉండ పైనే విడిపోయి చేపల్ని దిగువకు తోలుకుపోతుంది. ముల్లుకు మాత్రం ఎర్రలే (వానపాములే) మేలు. మిగిలిన చెక్క, తవుడు ఒడ్డున పారబోసి రావొద్దు. దానికి ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక నాగుపామూ రక్తపింజరీ వస్తాయి. రేపు మీరు కూర్చునేది అక్కడే. మురుగు కలిసే చోట పట్టిన చేపను కూర వండుకోవద్దు.

ప్రశ్న: నీళ్లలో ఈదే పాముకు విషం ఉండదని మా పెద్దోళ్లు అంటారు. మొన్న చేపల బుట్టలో ఒకటి దూరింది. చేత్తో తీసి పారేయొచ్చా?
– ఒక పాఠకుడు, పిచ్చాటూరు

జవాబు: తీయొద్దు. బుట్టలో దూరింది చాలావరకు నీరుకట్టే అయి ఉంటుంది. పసుపు, ఆకుపచ్చ కలిసిన ఒంటి మీద చదరంగం గళ్లలా నల్ల మచ్చలు, కంటి కిందినుంచి ఏటవాలుగా రెండు నల్ల గీతలు దాని గుర్తు. చేపలు, కప్పలే దాని తిండి. విషం లేదు గానీ కోపిష్ఠి, కరిస్తే రక్తం కారేట్టు కరుస్తుంది. బెదిరినప్పుడు మెడ వెడల్పు చేస్తుంది కాబట్టి పడగ అనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు. దానికంటే ప్రమాదం తారుమారు పొరపాటు: నాగుపామును చూసి నీరుకట్టే కదా అనుకోవడం. నాగుపాము చక్కగా ఈదుతుంది, రక్తపింజరి కూడా ఏరు దాటగలదు. వరదలో కొట్టుకొచ్చిన చెత్తకుప్ప మీద ఏ పామైనా ఉండొచ్చు. కాబట్టి పెద్దవాళ్ల మాట ఒక జాతి విషయంలో నిజం, నీటి విషయంలో కాదు. బుట్టను గెడతో పక్కకు వంచి, రెండు మూడు మీటర్ల దూరం జరగండి. దారి దొరికితే అదే పోతుంది.

మిగతా పోలికలూ చెబుతాం. మన పొలాల్లో పొడపాము అనే రక్తపింజరి ఒంటి మీద గొలుసు కట్టినట్టు మూడు వరుసల గుండ్రటి మచ్చలుంటాయి. దాన్ని కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి పోయి దెబ్బతిన్నవాళ్లున్నారు. బుస మాత్రం కుక్కరు ఆవిరి వదిలినట్టు ఆగకుండా వస్తుంది, వినగానే ఉన్నచోటే నిలబడి, ఎక్కడుందో చూసుకుని వెనక్కి అడుగేయాలి. ఇది గుడ్లు పెట్టదు, ఒక్కసారికి 20కి పైగా పిల్లల్ని ఈనగలదు, జానెడు పిల్లకూ విషం ఉంటుంది. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, అడ్డంగా సన్నటి తెల్ల కట్లు. చిన్న పింజర ఇసుక రంగులో కలిసిపోతుంది, పొలుసులు రాసుకుని రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. పులికాట్ వైపు వలలకు పోయేవాళ్లు తోక తెడ్డులా చదునుగా ఉన్న పామును అసలు తాకొద్దు. అది సముద్రపు పాము, మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు దాని విషానికి తయారైంది కాదు.

ప్రశ్న: ఏటి గట్టున పాము కరిస్తే ఆసుపత్రికి చేరేలోగా ఏం చేయాలి? కరిచిన చోటికి పైన తాడు కట్టాలంటారు కొందరు, వద్దంటారు కొందరు.
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: కట్టొద్దమ్మా. గట్టిగా కట్టిన తాడు విషాన్ని ఆపదు, కాలికి రక్తం పోకుండా ఆపుతుంది. రక్తపింజరి విషం కండను కుళ్లబెట్టే రకం, దాన్ని ఒకేచోట బిగిస్తే ఆ భాగం పాడవుతుంది. పైగా ఆసుపత్రిలో ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ఎవరైనా ముందే కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ముందు విప్పించండి.

చేయాల్సింది ఇది. కరిచిన మనిషిని పాముకు దూరంగా జరిపి కూర్చోబెట్టండి. టైము చూసి గుర్తుపెట్టుకోండి. ఉంగరం, వాచీ, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపొస్తే అవి కోస్తే గానీ రావు. కాలైతే కదలకుండా బద్ద కట్టాలి. గాలం గెడ విరిస్తే అదే బద్ద. కండువాతో కాలి పొడవునా రెండు మూడు చోట్ల, కట్టు కింద వేలు దూరేంత వదులుగా కట్టండి. నడిపించొద్దు, కండరం కదిలేకొద్దీ విషం త్వరగా పాకుతుంది. 108కి ఫోన్ చేయండి. బండి మీద తీసుకుపోవాల్సి వస్తే నడిపేవాడికీ వెనక ఒక మనిషికీ మధ్యలో కూర్చోబెట్టండి. వాంతి వస్తుంటే, మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. పసరు మందుతో బతికినవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. విషం లేని పాము కరిచినవాళ్లు, విషపు పామే కరిచినా విషం దిగనివాళ్లు వాళ్లు. ఆ సంగతి ముందుగా తెలియదు గనకే పసరు కోసం పోయిన గంట ప్రాణం తీస్తుంది. దారిలో నొప్పికి కండలో సూది వేయించొద్దు, రక్తం గడ్డకట్టని స్థితిలో సూది పడిన చోటా లోపల రక్తం కారుతుంది.

పామును చంపి తేనక్కర్లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసింది. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిదే, దాని కోసం వెంటపడి రెండో కాటు తినొద్దు. ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. పట్టించుకోకుండా గొట్టం పక్కన పెట్టేశారని బంధువులు గొడవకు దిగుతుంటారు. ఆ 20 నిమిషాలూ వైద్యంలో భాగమే. విషం లక్షణాలుంటే మొదటి విడతగా 8 నుంచి 10 సీసాల మందు ఎక్కిస్తారు. పిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము మనిషిని బట్టి విషం తగ్గించి ఇవ్వదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. మీరు వేటకు పోయే చోటికి దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో లేదో ముందే కనుక్కుని ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి.

కట్లపాము గురించి వేరుగా చెప్పాలి. దాని కాటు చాలామందికి నొప్పి తెలియదు, గాటు దోమ కుట్టినంత. రాత్రి గట్టు మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోతూ, మింగుడు పడకపోతే, గాయం కనపడకున్నా పాముకాటే అనుకుని పరుగెత్తండి. ఊపిరికి మెషిను అవసరం పడొచ్చు.

ప్రశ్న: ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుని చెయ్యంతా మంట. ఇదీ పాము విషం లాంటిదేనా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: విషమే, కానీ వేరే రకం. దాని పక్క రెక్కల ముళ్ల దగ్గర విషగ్రంథులుంటాయి. చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే మంట తగ్గుతుంది. వేడి ఎంతుందో బాగున్న చేత్తో ముందు చూడండి, గుచ్చుకున్న చేతికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. ముల్లు విరిగి లోపలుంటే డాక్టరు తీయాలి, టీటీ సంగతీ అడగండి. ఈ వేడినీళ్ల వైద్యం పాము కాటుకు చేయొద్దు.

ప్రశ్న: కల్యాణి డ్యామ్ దగ్గర గాలం వేయొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అనుమతి లేకుండా వద్దు. అది తిరుపతికీ తిరుమలకూ తాగునీరిచ్చే జలాశయం, చుట్టూ శేషాచలం అడవి. ఇతర రిజర్వాయర్లలోనూ చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకో లైసెన్సు ఉన్నవాళ్లకో ఉంటుంది, ముందు వాళ్లనే అడగండి. కనపడిన పామునల్లా చంపడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ప్రశ్న: రాత్రి వేటకు పోతుంటాం. మా పిల్లోళ్లు గెనాల కింద బొరియల్లో చేతులు పెట్టి ఎండ్రకాయలు పడతారు. ఏం జాగ్రత్త తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, నగరి

జవాబు: ముందు పిల్లల చేయి ఆపండి. ఎండ్రకాయ తవ్విన బొరియలో ఎండ్రకాయే ఉండాలని లేదు. ఎలుక, కప్ప, పాము అన్నీ వాడుకుంటాయి. చేయి పెట్టే బదులు కొన వంచిన మూరెడు కమ్మీతో లాగడం నేర్పండి.

మీరు కూర్చునే చోటు పగలుండగానే చూసుకోండి. చుట్టూ రెండు మూడు మీటర్లు గడ్డి లేని ఇసుక మేలు. రాళ్ల గుట్ట, వరద తెచ్చిన కంప, బోదగడ్డి పక్కన కూర్చోవద్దు. నేల మీద కాకుండా స్టూలు మీద కూర్చోండి. మోకాలి దాకా వచ్చే గంబూట్లు వేసుకోండి, కాళ్లకు పడే కాట్లలో ఎక్కువ భాగం పాదం, మడమ మీదే. తలకు కట్టుకునే టార్చి ఉంటే రెండు చేతులూ గాలానికి ఖాళీగా ఉంటాయి. లేచే ముందు ప్రతిసారీ వెలుతురు బెండు మీదినుంచి కాళ్ల దగ్గరికి తిప్పి, ఒక చుట్టు చూసి, అప్పుడు అడుగు వేయండి. చేప పడి గెడ వంగినప్పుడే ఇది మరిచిపోతారు. సంచి నేల మీద పెట్టకుండా కొమ్మకు తగిలించండి, చెప్పులు విప్పితే తొడిగేముందు దులపండి. ఎర్రల డబ్బా మూత గట్టిగా ఉండాలి, చేప కడిగిన నీళ్లు కూర్చున్నచోటికి దూరంగా పోయండి. నిద్ర వస్తే గట్టు మీద ఒరగొద్దు, ఇంటికి పోయి పడుకోండి.