వేట నిషేధంలో కట్టేసిన బోటు బ్యాటరీ డౌన్ కాకుండా ఏం చేయాలి?

జెట్టీలో కరెంటు ఉంటే, నిండగానే తనంతట తనే వోల్టేజీ తగ్గించుకునే ఆటోమేటిక్ చార్జర్, లేకపోతే చార్జ్ మితిమీరకుండా చూసే కంట్రోలర్‌తో చిన్న సోలార్ ప్యానెల్ తగిలించి ఉంచండి. వాడకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీ కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది, ఎండల్లో ఇంకా త్వరగా. అలా దిగిపోయి ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పాత బలం రాదు, అసలు నష్టం అదే.

ఉదాహరణకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలవు. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరు మీద సుమారు 12.7 చూపిస్తుంది, 12.4కి దిగితే చార్జ్ పెట్టాల్సిందే. అడుగున నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపు ఉంటే ఇంకా ముందే దిగుతుంది.

వారానికోసారి ఇంజిన్ పది నిమిషాలు తిప్పితే చాలనుకుంటారు. చాలదు, చివరి 20 శాతం నిండడానికే గంటలు పడుతుంది.