ఆ మీట మీద వేలు

విశాఖపట్నం

తమ్ముడికి ఆశీస్సులు.

యుద్ధవిమానం పైలట్ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. హెడ్‌ఫోన్‌లో హెచ్చరిక మోత ఉన్నట్టుండి మారి, కథానాయకుడి అరచేతిలో జాయ్‌స్టిక్ చెమటకు జారిన చోట నేనూ ఊపిరి బిగపట్టాను. విమాన సిమ్యులేటర్‌లో రాత్రులు గడిపినవాడికే ఆ వాక్యం దొరుకుతుంది. మరుసటి వాక్యమే దాన్ని పాడుచేసింది: “క్షిపణి పగబట్టిన పాములా వెంటాడింది.”

క్షిపణి అలా వెంటాడదు. నేల మీద నుంచి విమానాలను కూల్చే సోవియట్ క్షిపణి ఎస్-75నే తీసుకో. పది మీటర్లకు పైగా పొడవు. వియత్నాంలో అమెరికా పైలట్లు ఎగిరే టెలిఫోన్ స్తంభం అనేవారు. దాని మోటార్లు మండేది కొద్దిసేపే. తర్వాతంతా ఊపు మీద పోవడమే, మలుపు మలుపుకూ వేగం తరగడమే. అందుకే పైలట్ దాన్ని కంటితో చూస్తూ దగ్గరకు రానిస్తాడు. విమానాన్ని కిందికి దూకిస్తాడు, అదీ తనవైపు వంగాక ఒక్కసారిగా పైకి లాగుతాడు. తొందరపడితే అది సర్దుకుంటుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఆ రానివ్వడాన్ని ఒక పేజీ రాయి, ఎక్కువేమీ కాదు.

“నాచింగ్ చేశాడు” అని, అంటే రాడార్‌కు అడ్డంగా తిరిగి తప్పించుకున్నాడని, ఒక్క ముక్కలో దాటేశావు. ఓ సాయంత్రం బీచ్ రోడ్డులో నిలబడి చూడు. నీవైపు వచ్చే పడవ క్షణక్షణం దగ్గరవుతుంది. నీ ముందు నుంచి అడ్డంగా పోయే ఓడ దూరం ఆ కాసేపు మారినట్టే ఉండదు. డాప్లర్ రాడార్ పట్టుకునేది ఆ మార్పునే. విమానం దానికి అడ్డంగా తిరిగితే, నేల నుంచి వచ్చే ప్రతిధ్వనుల్లో కలిసిపోతుంది.

నన్ను బాగా బాధపెట్టింది మరొకటి. నీ కథలో నేల మీద నుంచి క్షిపణి పేల్చే మనుషులే లేరు. రాడార్ వెలిగిస్తేనే వాళ్లకు విమానం కనిపిస్తుంది. వెలిగించగానే వాళ్లూ బయటపడతారు, ఆ తరంగాలను పట్టుకునే హార్మ్ వంటి క్షిపణి వచ్చేస్తుంది. 1999 మార్చి 27న సెర్బియాలో రాడార్‌కు సులువుగా చిక్కని అమెరికా విమానం ఎఫ్-117ను కూల్చినది పాతకాలపు ఎస్-125 క్షిపణి దళం. రాడార్‌ను కొద్ది క్షణాలే వెలిగించి ఆర్పేస్తూ, తరచూ చోటు మారుస్తూ ఆ దళం యుద్ధంలో నిలిచింది. ఆ రాడార్ మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నవాడు నాకు కావాలి. వాడి అరచేతికీ చెమట పడుతుంది.

వాడిలా ఇరుకు క్యాబిన్‌లో గంటల తరబడి కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహకు అందకపోతే, మన టీయూ-142 మ్యూజియంలో విమానం లోపలికి వెళ్లి సిబ్బంది సీట్లు చూడు. ఆదివారం నేనూ వస్తాను. తిరగరాసిన ప్రతి తీసుకురా.

నీ శ్రేయోభిలాషి