ఖర్చు లేని హాబీ అడిగారు కాబట్టి: నేను మిద్దెక్కి రాకెట్లు చూస్తాను

మీ ప్రశ్న: "ఉద్యోగం, ఇల్లు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. పెద్దగా డబ్బు పెట్టకుండా, ఉన్న ఊళ్లోనే చేసుకోగలిగే హాబీ ఏదైనా ఉందా? మీ అనుభవం చెప్పండి."

నాది నెల్లూరు. నా హాబీ రాకెట్లు చూడటం, టీవీలో కాదు, మా మిద్దె మీద నుంచి. మా ఊరికీ శ్రీహరికోటకీ తిన్నగా గీత గీస్తే 80 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట, దాని పక్కనున్న సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకు మాత్రం షార్ (శ్రీహరికోటలో ఇస్రో రాకెట్లు పంపే కేంద్రం) ఇప్పటికీ మా ఇంటి పక్కదే.

మొదలైంది 2013 నవంబర్ 5న, మంగళయాన్ రోజు. మధ్యాహ్నం 2:38కి ప్రయోగం. ఆఫీసులో పనిలో ఉంటే పక్క సీటు కుర్రాడు "అన్నా, రా అన్నా, పైకి పోదాం" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. దక్షిణం వైపు సన్నటి తెల్లటి పొగ, దాని కొసన ఒక నిప్పు చుక్క. అంతే, ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు. కానీ ఆ చుక్క అంగారకుడి దగ్గరికి పోతోందని తెలిసి చూడటం వేరు. పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లోనే ఉంటూ అన్ని రాకెట్లనీ పేపర్లో చదివి వదిలేశానే అని ఆ రోజు నిజంగా బాధేసింది. సాయంత్రం ఇంటికి వస్తూ ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. తేదీ, సమయం, ఆకాశం ఎలా ఉంది, ఎన్ని సెకన్లు కనిపించింది, పక్కన ఎవరున్నారు, ఇవి రాస్తాను. ఇప్పటికీ అదే పుస్తకం.

నాలుగైదు చూశాక కళ్లకి తేడాలు తెలిసొస్తాయి, అసలు సరదా అక్కడే ఉంది. పీఎస్ఎల్‌వీ, జీఎస్ఎల్‌వీ అని ఇస్రోకి రెండు రకాల రాకెట్లున్నాయి. ధ్రువ కక్ష్యకి, అంటే భూమి ధ్రువాల మీదుగా తిరిగే దారికి పోయే పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా పోయి, శ్రీలంక మీదుగా పోకుండా తప్పించుకుని దక్షిణానికి తిరుగుతుంది కాబట్టి మాకు దూరమైపోతున్నట్టు కనిపిస్తుంది. జీఎస్ఎల్‌వీ అయితే తూర్పుగా సముద్రం మీదికి పోతుంది, దక్షిణానికి తిరిగి నిలబడితే మన ఎడమ చేతి వైపుకి వాలుతూ వస్తుంది. రాత్రిపూట పీఎస్ఎల్‌వీ చూస్తుంటే రెండు నిమిషాలు కాకముందే వెలుగు ఒక్కసారి తగ్గిపోతుంది. చుట్టుపక్కల మిద్దెల మీద వాళ్లు "ఆరిపోయింది, ఆరిపోయింది" అని కంగారుపడతారు. ఆరిపోదండీ. మొదటి దశలో మండేది ఘన ఇంధనం, దాని మంట కళ్లు చెదిరేలా ఉంటుంది. రెండో దశ ద్రవ ఇంధనం, ఆ మంట ఇంత దూరానికి బాగా మసకగా ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే ఆ తర్వాత కూడా కాసేపు పట్టుకోవచ్చు.

ఇక సాహసం అంటే 2019 జులైది. చంద్రయాన్-2, సోమవారం తెల్లవారుజామున 2:51కి. షార్‌లో జనం కూర్చుని చూసే గ్యాలరీ ఆ ఏడాదే మొదలైంది, కానీ మాకు రిజిస్ట్రేషన్ దొరకలేదు. అయినా సరే అని ఆదివారం రాత్రి భోజనం చేసి నేనూ, మా బావమరిదీ బండి మీద బయలుదేరాం. గూడూరు, నాయుడుపేట, అక్కడ టీ తాగి అర్ధరాత్రికి సూళ్లూరుపేట. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా జనమే, పిల్లల్ని దుప్పట్ల మీద పడుకోబెట్టుకుని, దోమల్ని తోలుకుంటూ కూర్చున్నారు. పున్నమికి రెండు రోజుల ముందు కదా, చంద్రుడు పెద్దగా ఉన్నాడు. మేం ఇద్దరం ఆ చంద్రుడినీ తూర్పు వైపునీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాం.

ప్రయోగానికి ఇంకా 56 నిమిషాలు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. మాకు అది ఒక్కసారిగా తెలియలేదు, ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి పాకుతూ వచ్చింది. ముందు ఎవరూ నమ్మలేదు. మా పక్కన కూర్చున్న ఒక అవ్వ "ఏందయ్యా, పోదా ఇంక?" అని అడిగితే మా వాడు "ఈరోజుకి పోదంట అవ్వా" అన్నాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ నిద్రమత్తులో హైవే మీద బండి నడపడం మంచిది కాదని చెంగాళమ్మ గుడికి పోయాం. అమ్మవారి గుడి తలుపులు వేయరు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ప్రయోగాల ముందు షార్ వాళ్లు కూడా వచ్చి దండం పెట్టుకునే గుడి అది. మాలాగే తిరిగి పోలేక ఆగిపోయిన వాళ్లు ఇంకొందరు కనిపించారు. తెల్లవారే దాకా అక్కడే కూర్చుని ఎన్నో మాట్లాడుకున్నాం. మా వాడు అప్పట్లో ఉద్యోగం రాక లోపల్లోపలే నలిగిపోతున్నాడు, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతులు ఆ రాత్రి నాకు చెప్పాడు. రాకెట్టు కనిపించని ఆ రాత్రికి నా పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను.

జులై 22న మధ్యాహ్నం 2:43కి మళ్లీ పెట్టారు. వాడికి ఆ రోజు ఇంటర్వ్యూ, నేను సెలవు పెట్టి ఒక్కడినే రైలెక్కి పోయాను. కొద్దిసేపే కనిపించి మబ్బుల్లో దూరిపోయింది. కానీ సూళ్లూరుపేట నుంచి లాంచ్ ప్యాడ్ 20 కిలోమీటర్ల పైనే, శబ్దానికి కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్లు, అంటే చప్పుడు నిమిషం తర్వాత వస్తుందన్నమాట. రాకెట్టు కనపడకుండా పోయాక, జనం ఇంక కదులుదామని అనుకుంటుండగా మొదలైంది. పక్కనున్న టీ కొట్టు రేకులు గలగలమని ఊగాయి. ఇంటర్వ్యూ అయిపోయి వాడు అప్పటికే నాకు ఫోన్ చేసి లైన్‌లో ఉన్నాడు, నేను మాట్లాడటం ఆపి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. అటు ఏం వినిపించిందో నాకు తెలియదు గానీ, "వచ్చింది బావా, వచ్చింది" అని అరిచాడు.

అన్నీ సంతోషంగా ముగియవు. 2021 ఆగస్టు 12న తెల్లవారుజామున 5:43కి జీఎస్ఎల్‌వీని అమ్మతో కలిసి మిద్దె మీద చూశాను. ఎంత చక్కగా పోయిందో అనుకుంటూ కిందికి దిగి కాఫీ తాగుతుంటే రాకెట్టు పై భాగంలో ఉండే క్రయోజెనిక్ దశ మండలేదని, ఉపగ్రహం పోయిందని వార్త. అమ్మ గ్లాసు పక్కన పెట్టి, "ఎన్నేళ్లు కష్టపడి చేసుంటారో పాపం, వాళ్లకి ఇప్పుడు అన్నం సహిస్తుందా" అంది. ఆ మాట కూడా రాసుకున్నాను.

మీరూ మొదలుపెట్టాలంటే పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇస్రో ప్రకటించే తేదీ, సమయం చూసుకోండి, ముందు రోజు మళ్లీ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మారిపోతుంటాయి. ఫోన్‌లో లైవ్ పెట్టుకుని దాన్ని నమ్ముకుంటే మోసపోతారు, అది కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, వాచీ చూసుకోవడమే మేలు. నెల్లూరు నుంచి అయితే చెట్ల మీదుగా పైకి రావడానికి అర నిమిషం దాకా పడుతుంది, అందుకని సమయం దాటగానే "కనపడలేదే" అని దిగిపోవద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు వానలు, చాలాసార్లు మబ్బే మిగులుతుంది. మొదటిసారి చూసేటప్పుడు వీడియో తీయకండి, దయచేసి కళ్లతో చూడండి.

తెల్లవారుజామున ఉంటే మాత్రం నేను మైపాడు బీచ్‌కి పోతాను, మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు ఉండదు. 2025 జనవరి 29న ఉదయం 6:23కి షార్ నుంచి వందో ప్రయోగం, మా పాపని నిద్ర లేపి, స్వెట్టర్ వేసి తీసుకెళ్లాను. ఇసుక మీద మాకింకా పొద్దు పొడవలేదు, కానీ అంత ఎత్తులో ఉన్న పొగకి ఎండ తగిలి గులాబీ రంగులోకి, తర్వాత బంగారు రంగులోకి మారింది. పై గాలులు ఒక్కో ఎత్తులో ఒక్కో వైపుకి లాగుతుంటే ఆ పొగ మెలికలు తిరుగుతూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. పాప వేళ్లు ముడుస్తూ సెకన్లు లెక్కపెట్టింది, 131 దగ్గర ఆపి, "నాన్నా, నేను రాస్తా" అని పుస్తకం లాక్కుంది. ఆ పేజీ మొత్తం దాని చేతిరాతే.