ప్లాస్మా ఫిజిక్స్ పోస్ట్‌డాక్: వెతకాల్సిన చోట్లు

తమ్ముడూ, థీసిస్ ఇచ్చేసి గుంటూరు వచ్చేశాను, లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో పెట్టి దాని వేడి, సాంద్రత కొలిచే చిన్న లోహపు ముక్క) కొలతలు తప్ప ఇంకేమీ రావు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఎక్కడ వెతకాలి అని అడిగావు. ఆ కొలతలు రావడం తక్కువ పనేం కాదు, టెన్షన్ పడకు.

ముందు గుజరాత్‌లో గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ చూడు. ఆదిత్య-యు, ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్‌లు (వేడి ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రాలు) అక్కడే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం) ప్రాజెక్టులో మన దేశమూ భాగస్వామే. జర్మనీకైతే విదేశీ పరిశోధకులకు ఇచ్చే హంబోల్ట్ ఫెలోషిప్ ఉంది.

అసలు కిటుకు ఈమెయిల్‌లోనే ఉంది. ఒకే ఉత్తరం అందరికీ పంపితే ఎవరూ చదవరు. ఆ గ్రూపు ఈమధ్య వేసిన పేపర్ చదివి, నీ ప్రోబ్ అనుభవం అందులో ఎక్కడ పనికొస్తుందో రెండు వాక్యాల్లో రాయి. ఫ్యూజనే కావాలని పట్టుబట్టకు, కంప్యూటర్ చిప్‌ల ఎచింగ్‌కీ (వాటిపై సన్నని గీతలు చెక్కడానికి) ప్లాస్మానే వాడతారు. సిఫార్సు లేఖ మాత్రం మీ గైడ్‌ను ఇప్పుడే అడుగు.