టీమ్ లీడ్‌కి మీరు ఫోన్ చేయకండి

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మాది విజయవాడ. మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. టీమ్ లీడ్‌కి యాభై దగ్గర పడ్డాయి. మావాడు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఆయనేమో ‘మీ తరానికి ఓపిక లేదు’ అంటారట. వీడు కంపెనీ మారతానంటున్నాడు. ఉండమనాలా, మారమనాలా? ఆయనతో నేనొకసారి మాట్లాడనా?

జవాబు: మాట్లాడకండి. ఉద్యోగం చేస్తున్న కొడుకు తరఫున తండ్రి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు టీమ్‌లో తలెత్తుకోలేడు. మీ మేనేజరుకి మీ నాన్నగారు ఫోన్ చేసి ఉంటే మీకెలా ఉండేది? పేరు పెట్టి పిలవడమంటారా, ఆ రంగంలో అది మామూలే. అమర్యాద కాదు.

అసలు ఈ తరాల గోలను నేను పెద్దగా నమ్మను. ఉద్యోగుల్ని పుట్టిన ఏళ్లను బట్టి జెన్ జీ, మిలీనియల్ అని విడదీయడానికి గట్టి ఆధారాల్లేవని అమెరికా జాతీయ సైన్స్ అకాడమీలు 2020లో నివేదికే ఇచ్చాయి. మారింది పని నేర్చుకునే తీరు. ఆ లీడ్ కొత్తలో సీనియర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పు ఎలా వెతకాలో చూసి నేర్చుకుని ఉంటారు. కరోనా తర్వాత చాలా టీముల్లో కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు. మీవాడు చాట్‌లో ‘హాయ్’ అని పెట్టి ఎదురుచూస్తుంటాడు. విషయం చెప్పకుండా ఈ హాయ్ ఏమిటని ఆయన విసుక్కుంటారు. ఆయన ఉన్నట్టుండి ఫోన్ చేస్తే, ఏం తప్పు చేశానోనని వీడికి టెన్షన్. ఇద్దరూ మంచివాళ్లే అయ్యుండొచ్చు.

వచ్చిన ఎర్రర్ ఏమిటి, తాను ఏమేం చేసి చూశాడు, ఎక్కడ ఆగాడు అన్నవి ఒకే మెసేజ్‌లో పెట్టమనండి. రెండు వారాలకోసారి పావుగంట సమయం ఇవ్వమని అడగమనండి. అడిగితే కాదనే సీనియర్లు తక్కువ. ఏఐ టూల్స్ మీవాడికి బాగా వస్తే ఆయనకి చూపించమనండి. 1999లోనే అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో దాని అధిపతి జాక్ వెల్చ్ పెద్ద అధికారుల్ని కుర్రాళ్ల దగ్గర ఇంటర్నెట్ నేర్చుకోమన్నారు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఏడాదికో కంపెనీ మారే ఫ్యాషన్ మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. జీతంలో హైక్ వస్తుంది, నిజమే. కానీ తాను రాసిన కోడ్ అర్ధరాత్రి ఆగిపోతే దాన్ని మళ్లీ నిలబెట్టడం మొదటి రెండు మూడేళ్లలో ఎవరో ఒకరు పక్కనుండి నేర్పాలి. గంటకింత అని తీసుకునే ఆన్‌లైన్ మెంటర్లు రెజ్యూమె దిద్దగలరు, ఇంటర్వ్యూకి తయారు చేయగలరు. కంపెనీ కోడ్ వాళ్లకి చూపించకూడదు, కాబట్టి వాడి రోజువారీ తప్పు వాళ్లకి కనపడదు.

ఇంకో ఆరు నెలలు చూడమనండి. అడిగినా నేర్పకపోయినా, అందరి ముందూ అవమానిస్తున్నా, చేతికి పనే ఇవ్వకపోయినా నిక్షేపంగా మారవచ్చు. అప్పుడు మీరు అడ్డుపడకండి.