రియాలిటీ షోల్లోకి దివ్యాంగులను తీసుకోవడం తప్పా?

తీసుకోవడంలో తప్పేం లేదు. కానీ జనాన్ని ఏడిపించడానికి తీసుకుంటే మాత్రం ముమ్మాటికీ తప్పే. మాది కృష్ణానగర్. చూపు లేని మా పక్కింటి అబ్బాయికి తోడుగా ఓ పాటల షో షూటింగ్‌కి వెళ్లాను. స్టేజీ మెట్లెక్కుతుంటే వాడి కాలు తడబడింది. "బాబూ, మళ్లీ అలాగే ఎక్కు, క్లోజప్ కావాలి" అన్నారు. మూడుసార్లు ఎక్కించారు. పాట మాత్రం ఒక్క టేకే.

సంతకం పెట్టాడు కదా అంటారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది, ఎవరూ చదివి వినిపించలేదు. దాన్ని ఒప్పుకోవడం అని ఎలా అంటాం? మానసిక సమస్యలున్నవాళ్లయితే ఇంకా కష్టం. ఎపిసోడ్ వచ్చాక ట్రోలింగ్ మొదలైతే పక్కన ఎవరుంటారు?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా కూడా. సినిమాల్లో దివ్యాంగులను చూపించే తీరుపై 2024 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది.

మీ వాళ్లెవరైనా వెళ్తుంటే, వద్దన్న సీన్లు తీసేస్తామని సంతకానికి ముందే రాయించుకోండి.