టెక్సాస్‌లో విల్లుతో జింక వేట: ఏ బ్రాడ్‌హెడ్‌ని నమ్మొచ్చు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. డల్లాస్‌లో ఉద్యోగం. అక్టోబర్‌లో విల్లుతో జింక వేటకి రమ్మని ఆఫీసులో ఒకాయన పిలుస్తున్నాడు. లాగడానికి 50 పౌండ్ల బలం పట్టే కాంపౌండ్ (కప్పీలున్న) విల్లు కొన్నాను. బ్రాడ్‌హెడ్ల (బాణం చివర బిగించే బ్లేడ్లున్న ములుకుల) దగ్గర మాత్రం బుర్ర తిరుగుతోంది. మెకానికల్ మంచిదా, ఫిక్స్‌డా? ఇండియా వచ్చేటప్పుడు తెచ్చుకుంటే మన అడవుల్లో పనికొస్తాయా?

జవాబు:

తమ్మీ, ముందు నీ చివరి ప్రశ్న సంగతి చెప్తా. తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర జింకని వేటాడితే జైలే. విల్లుతో కొట్టినా, ఉచ్చు పెట్టినా ఒకటే. నారాయణపేట వైపు కృష్ణ జింకలు చేలల్లో పడి మేస్తున్నాయని రైతులు ఎంత మొత్తుకుంటున్నా, వాళ్లూ వాటి మీద చెయ్యి వేయడానికి లేదు. అక్కడి సరదా అక్కడే వదిలేసి రా.

ఇక అసలు సంగతి. నేను ఏడేళ్లు ఆస్టిన్‌లో ఉండి వచ్చాను. ఇప్పుడు పాలమూరులోనే ఉంటున్నా. అక్కడ ఐదు సీజన్లు విల్లు పట్టాను. మొదటి సీజన్‌లోనే ఒక జింకని గాయపరిచి పోగొట్టుకున్నాను. ఈ జవాబంతా ఆ జింక నేర్పిందే.

అప్పుడు నా విల్లు కూడా నీలాగే 50 పౌండ్లది. షాపులో అబ్బాయి రెండంగుళాల వెడల్పు తెరుచుకునే మెకానికల్ ములుకులు చేతిలో పెట్టాడు. కంపెనీ పేరెందుకులే. ఎగిరేటప్పుడు బ్లేడ్లు ముడుచుకుని ఉంటాయి, తగలగానే విచ్చుకుంటాయి, ప్రాక్టీసు బాణంలాగే నిటారుగా పోతుంది అన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బ్లేడ్లు విచ్చుకోవడానికి కూడా బాణం బలమే ఖర్చవుతుంది, రెండంగుళాల కోత కోయడానికి ఇంకా ఖర్చవుతుంది. 70 పౌండ్ల విల్లుకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. 50 పౌండ్ల విల్లుకి వస్తుంది.

టెక్సాస్‌లోనే ల్యానో అనే ఊరి దగ్గర ఒక రాంచ్‌లో మంచె మీద కూర్చున్నాను. కింద మక్కలు చల్లే ఫీడర్ ఉంది. 18 గజాల దూరంలో ఒక ఆడ జింక వచ్చి నిలబడింది, కానీ కొంచెం నా వైపు తిరిగి ఉంది. ఆగాల్సింది. ఆగలేదు. బాణం భుజం ఎముకకి తగిలిన చప్పుడు, పచ్చి కట్టెని గొడ్డలితో కొట్టినట్టు, ఇప్పటికీ చెవిలో ఉంది. నలభై అడుగుల అవతల బాణం దొరికింది. దాని మీద నెత్తురు బెత్తెడు కూడా లేదు. ఒక బ్లేడ్ అసలు విచ్చుకోలేదు. బ్లేడ్లని పట్టి ఉంచే రబ్బరు రింగు మడతపడి దాని కింద ఇరుక్కుంది. రాత్రి పదకొండు దాకా టార్చి పట్టుకుని వెతికాం, పొద్దున మళ్లీ వెతికాం. దొరకలేదు. తప్పు సగం ములికిది, సగం నాది.

రాంచ్ యజమాని ముసలాయన ఏమీ తిట్టలేదు. మర్నాడు తన పెట్టెలోంచి మూడు ఫిక్స్‌డ్ ములుకులు తీసి ఇచ్చాడు. కదిలే భాగం ఒక్కటీ లేదు. అప్పటి నుంచి నేను మెకానికల్ ముట్టలేదు.

మెకానికల్ అంటే చెత్త అని కాదు. 65, 70 పౌండ్లు లాగేవాళ్లు రేజ్ కంపెనీ మెకానికల్ ములుకుల్లాంటివి వాడి ఏటా జింకల్ని పడేస్తున్నారు, నెత్తురు జాడ రోడ్డు గీసినట్టు కనిపిస్తుంది. నీ విల్లుకి మాత్రం ఫిక్స్‌డే తీసుకో. అందులోనూ మొన నుంచే కోత మొదలయ్యే రకం అయితే ఇంకా మంచిది. ఒకే ఉక్కు ముక్కలో చేసిన జీ5 మాంటెక్ ఉంది, ఇంట్లోనే సాన పెట్టుకోవచ్చు. మాగ్నస్ వాళ్లవి వంగినా విరిగినా జీవితాంతం మార్చి ఇస్తారు. సాన పెట్టే ఓపిక లేకపోతే బ్లేడ్లు మార్చుకునే మజ్జీ ట్రోకార్ తీసుకో. ఈ మూడింటిలో ఏది కొన్నా నేను కాదనను. టెక్సాస్ నిబంధన ప్రకారం కోత వెడల్పు కనీసం 7/8 అంగుళం, కోసే అంచులు కనీసం రెండు ఉండాలి. ఇవన్నీ అందులో పాసవుతాయి.

బరువు 100 గ్రెయిన్లు చాలు. గ్రెయిన్ అంటే కంగారు పడకు, మన పాత తులం 180 గ్రెయిన్లు. అంటే ములికి అర తులం పైచిలుకు, ఆరున్నర గ్రాములు. నీ ప్రాక్టీసు ఫీల్డ్ పాయింట్లు (బ్లేడ్లు లేని మొనలు) కూడా సరిగ్గా అంతే బరువు ఉండాలి. బాణం మొత్తం 400 గ్రెయిన్లకి తగ్గకుండా చూసుకో, తేలిక బాణం వేగంగా పోతుంది గానీ లోపలికి దిగదు.

నా దృష్టిలో బ్రాండ్ కంటే పదును ముఖ్యం. బాణం తూటాలాగా దెబ్బతో చంపదు, కోసి నెత్తురు పోగొట్టి చంపుతుంది. మొద్దు అంచు రక్తనాళాన్ని పక్కకి నెడుతుంది, పదునైన అంచు తెంపుతుంది. డబ్బాలోంచి తీసిన కొత్త ములికి కూడా పదునుగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. చిన్నప్పుడు అచ్చంపేటలో మా ఇంటికి తేనె అమ్మడానికి ఒక చెంచు తాత వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని తన అంబు అంచుని బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించి చూసేవాడు. జారితే మొద్దు, గోరుని పట్టుకుంటే పదును. నేను ఆస్టిన్‌లో చేసింది అదే. అక్కడి వాళ్లు గ్లాసు మూతికి రబ్బరు బ్యాండ్ బిగించి దాని మీద అంచుని ఆనిస్తారు, నొక్కకుండానే తెగాలి. నాకు తాత పద్ధతే తేలిక.

రెండో పరీక్ష తిరగడం. ములికి బిగించాక బాణాన్ని మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పు. మొన దగ్గర వణికితే ఆ ములికి గానీ ఆ బాణం గానీ వంకరగా ఉన్నట్టే. వేరే బాణానికి మార్చి చూడు, ఇంకా వణికితే ములికి పక్కన పారెయ్.

మూడోది ఎక్కువమంది ఎగ్గొట్టేది. ఫిక్స్‌డ్ ములికి బ్లేడ్లు గాలిలో రెక్కల్లా పనిచేస్తాయి, విల్లు సెట్టింగులో లోపం ఉంటే వెంటనే బయటపెడతాయి. 20 గజాల నుంచి ఒక ఫీల్డ్ పాయింట్, ఒక బ్రాడ్‌హెడ్ వెయ్. మొదటిసారి నావి నాలుగంగుళాలు ఎడంగా పడ్డాయి. ములికి చెడ్డదనుకుని ఇంకో డబ్బా కొన్నాను, అవీ అక్కడే పడ్డాయి. డబ్బులు వృథా. ఫీల్డ్ పాయింట్లు ఎటు పడుతున్నాయో బాణం ఆనే రెస్టుని అటు జరపాలి, అదీ వెంట్రుకవాసి. మళ్లీ వెయ్యాలి, మళ్లీ జరపాలి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. రెండూ ఒకే చోట పడిన రోజు నుంచి చేతికి ధైర్యం వచ్చింది.

వేటలో జింక పూర్తిగా పక్కకి తిరిగి ఉన్నప్పుడు గానీ, కొంచెం అవతలికి తిరిగి ఉన్నప్పుడు గానీ మాత్రమే వదులు. ముందు కాలి వెనకాల ఊపిరితిత్తులు. నీ వైపు తిరిగి ఉంటే బాణం దించెయ్, ఎంత మంచి ములికి అయినా. వదిలాక పరిగెత్తకు, బాణాన్ని చూడు. గులాబీ రంగు నురగ నెత్తురైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా ఉండి వాసన వస్తే పేగుల్లో తగిలింది, ఎనిమిది గంటలైనా ఆగాలి. అక్టోబర్ ఎండకి మాంసం పాడవుతుందని టెన్షన్ పడతావు, కానీ తొందరపడి లేపితే జింకా దక్కదు, మాంసమూ దక్కదు.

లైసెన్సుతో పాటు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకి అదనపు అనుమతి) 7 డాలర్లు, అది మర్చిపోకు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి, నీకు తప్పదు.

ఇంకో ముచ్చట. ల్యానో వైపు సాయంత్రం మంచె మీద కూర్చుంటే, ఒక్కోసారి తెల్ల తోక జింకల బదులు చుక్కల దుప్పులు వస్తాయి. అచ్చం మన నల్లమలలో ఫరహాబాద్ దారిలో కనిపించేవే. 1930ల్లో తెచ్చి వదిలారట, అక్కడ వాటిని ఆక్సిస్ అంటారు. బయటి దేశం జంతువు కాబట్టి సీజన్ లేదు, లెక్క లేదు, లైసెన్సూ భూమి యజమాని ఒప్పుకోలూ ఉంటే చాలు. నల్లమలలో ముడితే కేసు, అక్కడేమో వాటిని కొడితే రాంచ్ వాళ్లు సంతోషిస్తారు. మొదటిసారి చూసినప్పుడు విల్లు ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత కూడా వాటిని కొట్టలేదు, కారణం అడిగితే నా దగ్గర లేదు.

చివరిగా, ములికిని వేళ్లతో బిగించకు. డబ్బాలో ప్లాస్టిక్ రెంచి ఇస్తారు, అదే వాడు. నా ఎడమ బొటనవేలికి నాలుగు కుట్లు అలా పడ్డవే. అమ్మకి వీడియో కాల్‌లో ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిందని చెప్పా.